మాల తీసిన మర్నాడు: కొత్త సంవత్సరం సంకల్పాల మీద ఒక ప్రసంగం

(ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడిలో డిసెంబరు చివరి ఆదివారం సాయంత్రం తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. చివర్లో సభలోంచి వచ్చిన ఒక ప్రశ్న, దానికి చెప్పిన జవాబు కూడా ఉన్నాయి.)

పెద్దలకు నమస్కారం. అమ్మలకు, అక్కచెల్లెళ్లకు, ముందు వరసలో కూర్చున్న పిల్లలకు కూడా నమస్కారం.

మన ఊళ్లో ఏడాదికి కొత్త సంవత్సరాలు మూడు. జనవరి 1 అందరిదీ. ఉగాది మన ఇళ్లలోది. ఏప్రిల్ 14 ప్రాంతంలో వచ్చే పణా సంక్రాంతి మన ఒడియా ఇరుగుపొరుగువాళ్లది. ఆ రోజు మారేడు పండు గుజ్జుతో వాళ్లు చేసే పణా గ్లాసుల్లో మన ఇళ్లకూ వస్తుంది. సరిహద్దులో పుట్టడం వల్ల మనకు దక్కిన మంచి విషయాల్లో ఇదొకటి. మళ్లీ మొదలుపెట్టడానికి ఏడాదికి మూడు మంచిరోజులు.

ఏదైనా ఉపయోగపడేది చెప్పండి మాస్టారూ అని నిర్వాహకులు అడిగారు. వచ్చే ఏడాది ఏం చేయాలనుకుంటున్నాం, అనుకున్నదాన్ని ఎలా నిలబెట్టుకోవాలి అన్నదే నాకు తోచింది. ఇక్కడ పెరిగే పిల్లలకు దారులు ఎక్కువ, దారి చూపేవాళ్లు తక్కువ. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, పోటీ పరీక్షల్లో ఇంగ్లీషు, హిందీ. పెద్ద జబ్బు చేస్తే శ్రీకాకుళమో విశాఖపట్నమో. ఆఫీసు పని పడితే బరంపురమో భువనేశ్వరమో. పనికి వెళ్లే కుర్రాళ్లు హైదరాబాదు, చెన్నై, సూరత్. ఇన్ని వైపులకు లాగే బతుకులో ఏడాదికి ఒక్క పనైనా మనం అనుకున్నట్టు జరగాలంటే, ఆ ఒక్కదాన్నీ గట్టిగా పట్టుకోవాలి. ఈ సాయంత్రం నేను చెప్పేదంతా ఆ ఒక్క పని గురించే.

జనవరి 1న తీర్మానాలు చేసుకోవడాన్ని చాలామంది తేలిగ్గా చూస్తారు. ఫిబ్రవరి దాకా ఉంటే గొప్ప అంటారు. నేను అలా చూడను. అమెరికాలో హెంగ్‌చెన్ డై, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రిస్ అనే పరిశోధకులు 2014లో ఒక పరిశోధన అచ్చువేశారు. వారం మొదట్లో, నెల మొదట్లో, సంవత్సరం మొదట్లో, పుట్టినరోజు తర్వాత జనం వ్యాయామశాలలకు ఎక్కువగా వెళ్తారని, తిండి తగ్గించుకోవడం గురించి ఇంటర్నెట్లో ఎక్కువగా వెతుకుతారని వాళ్లు లెక్కలు తీసి చూపించారు. తేదీ మారితే మనసు పాత లెక్కను మూసేసి కొత్త పేజీ తీస్తుంది. మన షావుకార్లు కొత్త ఖాతా పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టి తెరిచేదీ అందుకే. కాబట్టి జనవరి 1 ఇచ్చే ఉత్సాహాన్ని వాడుకుందాం, తప్పు లేదు. ఆ ఉత్సాహం తగ్గిన రోజున ఏం చేయాలన్నదే అసలు సంగతి.

మనవాళ్లకు పట్టుదల లేదు అనే మాట నేను ఒప్పుకోను. మొన్ననే మార్గశిరం వెళ్లింది. లక్ష్మివారం, అంటే గురువారం పూజలు అయ్యాయి. ఆ రోజు రాగానే ఆడవాళ్లు తెల్లవారకముందే లేచి ఇల్లు కడిగి, వీధి గుమ్మం నుంచి దేవుడి మూల దాకా బియ్యప్పిండితో అమ్మవారి పాదాలు వేశారు. ఒడియావాళ్ల ఇళ్లలో దాన్ని ఝొటి అంటారు, మన ఇళ్లలో ముగ్గు అంటాం. పక్కపక్క ఇళ్లలో ఒకే తెల్లవారుజామున రెండూ పడతాయి. ఏ ఇల్లాలైనా "ఈ వారం వీలుకాలేదు, శనివారం చూద్దాం" అనడం విన్నారా? చంటిపిల్లాడు ఉన్న ఇంట్లో కూడా అయింది. ఉద్యోగానికి వెళ్లే అమ్మాయి కూడా చేసింది.

ఇక మగవాళ్ల సంగతి. ఈ హాల్లోనే నల్లబట్టలు కట్టుకున్న స్వాములు కొందరు కనిపిస్తున్నారు. 41 రోజుల అయ్యప్ప దీక్ష. చలికాలంలో తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, సాయంత్రం మళ్లీ స్నానం, ఒంటిపూట భోజనం, నేల మీద పడక, కాళ్లకు చెప్పుల్లేవు. మందు లేదు, పొగ లేదు, నోట్లో ఖైనీ లేదు. మాల వేసుకోవడానికి ముందురోజు దాకా రోజుకు రెండు పాకెట్లు కాల్చిన మనిషి కూడా ఈ 41 రోజులూ ముట్టుకోడు. ఇంట్లో ఇరవై ఏళ్లుగా భార్య బతిమాలినా మానని మనిషి, డాక్టర్ ఎక్స్‌రే చూపించినా మానని మనిషి, మాల పడగానే మానేశాడు. ఇంతకంటే పట్టుదల ఎక్కడుంటుంది?

అయితే ఇది ఎలా సాధ్యమైందో ఒక్కసారి దగ్గరగా చూడండి. భక్తి ఉంది, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. భక్తితోపాటు ఒక ఏర్పాటు కూడా ఉంది. ఒంటి మీద బట్టలే ఈ మనిషి దీక్షలో ఉన్నాడని ఊరికంతటికీ చెబుతాయి. కిళ్లీ కొట్టువాడు ఆయన్ని చూడగానే సిగరెట్ తీయడు, "స్వామీ శరణం" అంటాడు. పేరు పెట్టి పిలిచే స్నేహితుడు కూడా స్వామి అంటాడు. సాయంత్రం భజన ఉంది, అక్కడ ఇంకా పదిమంది స్వాములు ఉంటారు, ఒక్కరోజు రాకపోతే గురుస్వామి కబురు పంపుతాడు. ఇంట్లో వంట మారిపోయింది. నిద్రలేచే వేళ, స్నానం చేసే వేళ, పూజ వేళ అన్నీ ముందే ఖాయమైపోయాయి. ఈరోజు ఏం చేయాలి అని ఆయన ఆలోచించుకోవాల్సిన పని లేదు. సాయంత్రం ఆరింటికి మందు షాపు దగ్గర నిలబడే కాళ్లు అదే ఆరింటికి భజనకు నడుస్తున్నాయి.

మరి మాల తీసిన మర్నాడు ఏమవుతుంది? చాలామంది ఇళ్లలో ఆడవాళ్లకు ఈ మర్నాడు బాగా తెలుసు. నల్లబట్టలు పెట్టెలోకి వెళ్లాయి. కిళ్లీ కొట్టువాడు మళ్లీ పేరు పెట్టి పిలిచాడు. భజన లేదు. సాయంత్రం ఆరు మాత్రం రోజూ వచ్చినట్టే వచ్చింది, ఆ వేళకు చేయడానికి ఏ పనీ లేదు. మనిషి 41 రోజులు గెలిచిన యుద్ధాన్ని ఒక్క సాయంత్రంలో వదిలేసుకుంటాడు. ఆయన్ని తిట్టి లాభం లేదు. ఏర్పాటంతా ఒక్కరోజులో తీసేసి, మనిషిని మాత్రం అలాగే నిలబడమంటే నిలబడటం కష్టం.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మందితో ఒక అధ్యయనం చేశారు. 2010లో అచ్చయింది. ఒక్కొక్కరు ఒక చిన్న పని ఎంచుకున్నారు. మధ్యాహ్నం భోజనంతోపాటు ఒక పండు తినడం, రాత్రి భోజనానికి ముందు కాసేపు పరుగెత్తడం లాంటివి. రోజూ ఒకే సందర్భంలో ఆ పని చేయాలి. అది ఆలోచించకుండా దానంతటదే జరిగిపోయే అలవాటు కావడానికి సుమారు 66 రోజులు పట్టిందని తేలింది. అందరికీ ఒకేలా లేదు. కొందరికి 18 రోజులే, కొందరి లెక్క 254 రోజుల దాకా వెళ్లింది. నీళ్లు తాగడం లాంటి తేలిక పనులు తొందరగా అలవాటయ్యాయి, ఒళ్లు వంచాల్సినవి ఆలస్యంగా అయ్యాయి. ఇంకో మంచి మాట కూడా అందులో ఉంది. మధ్యలో ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటం ఆగిపోలేదు.

ఈ లెక్క మన ఇళ్లకు పెట్టి చూడండి. 41కి, 66కి మధ్య ఇంకా మూడు వారాల పైచిలుకు ఉంది. దీక్ష మనల్ని సగం దాటించి తీసుకొచ్చి వదిలింది, మిగతాది మనం నడవాలి. అందుకే స్వాములకు నా మనవి. మాల తీసేలోగా ఒక్క నియమం ఎంచుకోండి. అన్నీ వద్దు, ఒక్కటే. తెల్లవారుజామున లేవడమే అనుకోండి. స్నానం చేసే వేళకే లేచి మహేంద్రతనయ నది గట్టు దాకా నడిచి రండి. సాయంత్రం ఆరు గంటలకు ఏం చేస్తారో కూడా మాల తీయకముందే ఖాయం చేసుకోండి. పిల్లల్ని చదివించడం కావచ్చు, షటిల్ ఆట కావచ్చు, ఆ వేళ ఖాళీగా ఉండకూడదు. భజనలో ఉన్న పదిమందిలో ఇద్దరు కలిసి ఒకే నియమం పెట్టుకుంటే ఇంకా మంచిది. ఒక జాగ్రత్త కూడా చెబుతున్నాను. రోజూ బాగా తాగే అలవాటు ఉన్నవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే వణుకు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. అలాంటివాళ్లు మాల వేసినా, వేయకపోయినా ముందు డాక్టర్‌ని కలిసి ఆయన చెప్పినట్టు మానాలి.

జనవరి 1న మొదలుపెడితే 66వ రోజు మార్చి 7 అవుతుంది. ఉగాది దాని తర్వాతే వస్తుంది. ఉగాది రోజు గుడిలో పంచాంగం చదువుతారు, మన రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత అని శ్రద్ధగా వింటాం. ఆ ఉదయమే, గుడికి బయల్దేరేముందు, జనవరిలో మొదలుపెట్టిన పని ఎన్ని రోజులు చేశామో క్యాలెండర్ తీసి చూసుకోండి. గోడ మీద క్యాలెండర్‌లో పాలవాడి లెక్క రాస్తాం కదా, ఆ గడిలోనే ఒక మూలన చేసిన రోజు చిన్న సున్నా చుట్టండి. తక్కువ సున్నాలు ఉంటే ఉగాది కూడా కొత్త సంవత్సరమే, ఆ రోజు మళ్లీ మొదలుపెట్టవచ్చు. అదీ జారితే పణా సంక్రాంతి ఉంది.

ఇప్పుడు ఆ ఒక్క పనిని ఎలా రాసుకోవాలో చెబుతాను. పూజ మొదట్లో పంతులుగారు సంకల్పం చెప్పిస్తారు. అందులో కోరిక ఎప్పుడు వస్తుందో గమనించారా? అన్నిటికంటే చివర్న. ముందు మనం ఏ ఖండంలో ఉన్నాం, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాం, ఎవరి ఇంట్లో కూర్చున్నాం అని చెబుతారు. తర్వాత సంవత్సరం పేరు, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. ఆ తర్వాత గోత్రం, పేరు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్నది ఖాయమయ్యాకే ఏం కావాలో అడుగుతాం. మనం జనవరి 1న చేసే తీర్మానాల్లో మాత్రం కోరిక ఒక్కటే ఉంటుంది. "ఈ ఏడాది బాగా చదవాలి", "ఈ ఏడాది ఒళ్లు తగ్గాలి". ఎక్కడో, ఎప్పుడో ఉండదు.

జర్మనీలో పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, వెరోనికా బ్రాంట్‌స్టెట్టర్ కలిసి విద్యార్థులకు ఒక పని పెట్టారు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఎలా గడిపారో రెండు రోజుల్లోగా రాసి పంపాలి. సగంమందిని మాత్రం ఎప్పుడు, ఏ చోట కూర్చుని రాస్తారో ముందే కాగితం మీద పెట్టమన్నారు. అలా పెట్టినవాళ్లలో దాదాపు నలుగురికి ముగ్గురు టైముకు రాసి పంపారు. మిగతావాళ్లలో ముగ్గురికి ఒకరే. అందరూ రాయాలనుకున్నవాళ్లే. తేడా అంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. 1997లో అచ్చయిన ఈ పరిశోధన తర్వాత ఇలాంటివి చాలా జరిగాయి.

కాబట్టి "బాగా చదవాలి" అని రాసుకున్న అబ్బాయి ఇలా రాసుకోవాలి: "సోమవారం నుంచి శనివారం దాకా, రాత్రి ఏడింటికి, మేడ మెట్ల పక్కనున్న బల్ల దగ్గర కూర్చుని, రోజుకు పది లెక్కలు. ఫోన్ అమ్మ దగ్గర. కరెంటు పోతే చార్జింగ్ లైటు పెట్టుకుని." కరెంటు పోతుందని మనకు ముందే తెలుసు కదా, దానికీ జవాబు ముందే రాసుకోవాలి. ఇంటికి చుట్టాలు వస్తే ఏం చేస్తాను, పెళ్లికి వెళ్లాల్సి వస్తే ఏం చేస్తాను అన్నదీ అంతే. అడ్డం వచ్చేవి మన ఇంట్లో ఏటా ఒకటే రకంగా వస్తాయి, కొత్తవేం కావు.

ఇంకో చిక్కు ఉంది. మన పిల్లల్ని ఏం కావాలి నాన్నా అని అడిగితే "గవర్నమెంట్ ఉద్యోగం" అంటారు. పెద్దవాళ్లూ అదే అంటారు. అది మంచి కోరికే. కానీ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో, ఎన్ని పోస్టులు ఉంటాయో, ఎంతమంది రాస్తారో మన చేతిలో లేదు. ఏడాది చివర లెక్క చూసుకుంటే ఉద్యోగం రాలేదు, కాబట్టి ఏడాదంతా వృథా అనిపిస్తుంది. అదే "వారానికి ఒక మోడల్ పేపర్, ఆదివారం ఉదయం తొమ్మిదింటికి, గడియారం పెట్టుకుని" అని రాసుకున్న అమ్మాయికి డిసెంబరు నాటికి 50 పేపర్లు చేతిలో ఉంటాయి. ఏ పరీక్షకైనా అవి పనికొస్తాయి. ఉద్యోగం అనే కోరిక గుండెల్లో ఉండనివ్వండి. క్యాలెండర్ మీద రాసేది మాత్రం మన చేతులతో చేయగల పని అయి ఉండాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. దయచేసి మీ జనవరి తీర్మానం పిల్లల పేరు మీద రాయకండి. "ఈ ఏడాది మావాడికి తొంభై శాతం రావాలి" అనేది మీ తీర్మానం కాదు, వాడి నెత్తిన పెట్టిన మూట. పదో తరగతి పిల్లలకు ఫిబ్రవరి, మార్చిలో పరీక్షలు. జనవరిలో వాళ్లకు ఉన్న టెన్షన్ చాలు. మీరు రాయగలిగింది ఏమిటంటే, "పరీక్షలు అయ్యేదాకా సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ఇంట్లో టీవీ పెట్టను, పక్కన కూర్చుని నేనూ ఏదో ఒకటి చదువుకుంటాను." అది మీ చేతిలో ఉంది. పిల్లవాడు అది చూస్తాడు.

మానుకోవాల్సినవాటి గురించి కొంచెం. స్వీడన్‌లో వెయ్యిమందికి పైగా జనం చేసుకున్న కొత్త సంవత్సరం తీర్మానాలను పరిశోధకులు ఏడాదిపాటు గమనించి 2020లో ఫలితాలు ప్రకటించారు. "ఇది మొదలుపెడతాను" అని రాసుకున్నవాళ్లలో దాదాపు 59 శాతం మంది నిలబెట్టుకున్నామన్నారు. "ఇది మానేస్తాను" అని రాసుకున్నవాళ్లలో 47 శాతం. తేడా పెద్దదే. మానాలనుకున్న చోట ఇంకో పని పెడితే తేలిక అవుతుంది. మన వైపు ముసలమ్మల్లో అడ్డపొగ తాగేవాళ్లు ఇంకా ఉన్నారు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఆ వేడికి అంగిలి కాలి పుండ్లు పడి, క్యాన్సర్‌గా మారుతుందని శ్రీకాకుళం, విశాఖ జిల్లాల్లో డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. "మానేయవే అమ్మా" అంటే మానరు. ఆ చుట్ట వెలిగించే వేళ ఏదో కనిపెట్టండి. చాలామందికి అది మధ్యాహ్నం భోజనమయ్యాక. ఆ వేళకు చేతికి ఏలకులో సోంపో ఇచ్చి, మనవల్ని పక్కన కూర్చోబెట్టండి. ఖైనీ, గుట్కా మానాలనుకునే కుర్రాళ్లకు 1800-11-2356 అనే ప్రభుత్వ ఫోన్ నంబరు ఉంది, డబ్బులు పడవు. ఆ నంబరు బయట బల్ల మీద కాగితాల్లో రాసి పెట్టాం.

డబ్బు గురించి రెండే మాటలు. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నెలకు 100 రూపాయల నుంచి మొదలవుతుంది, అయిదేళ్లు కట్టాలి. ఇంట్లో పదేళ్లలోపు ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి ఖాతా ఏడాదికి 250 రూపాయలతో కూడా నడుస్తుంది. "డబ్బు దాచాలి" అని రాసుకోకండి, "జీతం వచ్చిన మర్నాడు పోస్టాఫీసు" అని రాసుకోండి.

ఇక ఈ ఊళ్లో ఉండి ఈ మాట చెప్పకుండా దిగిపోతే తప్పు. మన ఊరి మాస్టారు గిడుగు రామమూర్తి పంతులుగారి గురించి. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకు తెలుగు భాషా దినోత్సవం చేసి, దండ వేసి వచ్చేస్తాం. వ్యావహారిక భాష కోసం ఆయన పోరాడారని అందరికీ తెలుసు. నేను చెప్పేది వేరే సంగతి.

ఆయన 1863లో శ్రీముఖలింగం పక్కనున్న పర్వతాలపేటలో పుట్టారు. 1880లో ఇక్కడ రాజావారి పాఠశాలలో ముప్ఫై రూపాయల జీతానికి మాస్టారుగా చేరారు. చెప్పేది చరిత్ర పాఠం. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా బి.ఏ. దాకా చదివారు. ముఖలింగం గుళ్లోని శాసనాలు చదవాలనిపించింది. నేర్పేవాళ్లు లేరు, పుస్తకాలు తెప్పించుకుని పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు. ఈ ఊరి చుట్టూ కొండల్లో సవరలు అనే గిరిజనులు ఉన్నారు. గుమ్మ వైపు వెళ్తే ఇప్పటికీ అన్నీ వాళ్ల ఊళ్లే. సంతకు దిగినప్పుడు వాళ్లను ఊళ్లో అందరూ చూసేవాళ్లు. వీళ్ల మాట నేర్చుకుని, వీళ్ల పిల్లలకు వీళ్ల మాటలోనే చదువు చెప్పాలని అనుకున్నది మాత్రం ఆ చరిత్ర మాస్టారు.

అనుకుని ఏం చేశారో చూడండి. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని తెచ్చి తన ఇంట్లోనే పెట్టుకున్నారు. భాష నేర్చుకోవడానికి ఆయన రోజూ ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, నేర్పే మనిషి ఇంట్లోనే ఉన్నాడు. అన్నం తింటూ మాట, అరుగు మీద కూర్చుని మాట. బడి అయిపోయాక అదే పని. కొండల్లోకి వెళ్లి ఊరూరా తిరిగారు. మలేరియా పట్టుకుంది. దానికి క్వినైన్ వాడితే చెవులు దెబ్బతిన్నాయి. మాట వినడమే ఆధారమైన పనిలో ఉన్నవాడికి చెవుడు వచ్చింది. అయినా ఆపలేదు. సవర భాషలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, మాస్టర్లకు జీతాలు ఇచ్చారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇస్తామంటే నాకు వద్దు, దానితో బడి పెట్టండి అన్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువును 1938లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. మొదలుపెట్టినప్పటి నుంచి లెక్కపెడితే మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.

నాకు ఇందులో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఆ మనిషిని ఇంట్లో పెట్టుకోవడం. పెద్ద ఆశయం అందరికీ ఉంటుంది. ఆ ఆశయం రోజూ మన ఎదుట కూర్చునేలా ఇంటినే మార్చుకోవడం కొందరికే తెలుసు. పుస్తకం అటక మీద ఉంటే ఎవరూ చదవరు, భోజనం బల్ల మీద ఉంటే చదువుతారు.

ఆ మాస్టారు తిరిగిన ఊళ్లోనే మన పిల్లలు తెలుగు మాట్లాడతారు, తెలుగు చదవలేరు. వాళ్ల తప్పు ఏమీ లేదు, బడిలో లేదు. కానీ అమ్మానాన్నలకు నేను ధైర్యం చెబుతున్నాను, సగం పని బడి చేసేసింది. ఒడియా చదివే పిల్లకు క ఖ గ ఘ వరస వచ్చు. గుణింతం అంటే ఏమిటో తెలుసు, ఒత్తు అంటే ఏమిటో తెలుసు. అక్షరం బొమ్మ మాత్రమే కొత్త. నేను చూసినంతలో పిల్లలు తడబడేది ఒకచోట. ఒడియాలో ఎ, ఏ అని రెండు లేవు, ఒ, ఓ అని రెండు లేవు. అందుకని "పేరు" అని రాయమంటే "పెరు" అని రాస్తారు, "కోడి" అంటే "కొడి". అక్కడ కోప్పడకుండా నాలుగు రోజులు ఎక్కువ నిలబడితే చాలు. రోజుకు పదిహేను నిమిషాలు, రాత్రి భోజనానికి ముందు, వంటింటి గుమ్మం దగ్గర పలక. ఉగాదికి అచ్చులు, హల్లులు అవుతాయి. దసరాకు గుణింతాలు, ఒత్తులు అవుతాయి. వచ్చే సంక్రాంతికి మీ పిల్ల శ్రీకాకుళంలో ఉన్న అమ్మమ్మకు తన చేత్తో ఉత్తరం రాస్తుంది. ఈ సభలో పది ఇళ్లు ఈ ఒక్క పని పెట్టుకున్నా నాకు తృప్తి.

అన్నీ సరిగ్గా రాసుకున్నా పాడయ్యే ఏళ్లు ఉంటాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు ఒక్క రాత్రిలో నేలమట్టమయ్యాయి. మన గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది పిల్ల పెళ్లి చేయాలనో, ఇల్లు వేయాలనో అనుకున్న రైతుకు పట్టుదల తక్కువైందని ఎవరూ అనలేరు. కొబ్బరి మొక్క కాపుకొచ్చేసరికి అయిదారేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ సంగతి తెలిసే మళ్లీ గోతులు తీసి మొక్కలు పెట్టారు. అలాంటి ఏడాదిలో తీర్మానాన్ని చిన్నది చేసుకోవచ్చు, తేదీ జరుపుకోవచ్చు. మనల్ని మనం తిట్టుకోవాల్సిన పని లేదు.

నా మాట ఇంతే. బయట బల్ల మీద కాగితాలు, పెన్నులు ఉన్నాయి. ఒక్క పని, ఎప్పుడు, ఎక్కడ, అడ్డం వస్తే ఏం చేస్తారు. నాలుగు ముక్కలు రాసుకుని ఇంటికి తీసుకెళ్లండి. ఎవరికీ చూపించక్కర్లేదు. ఇప్పుడు ఎవరైనా ఏదైనా అడగాలనుకుంటే అడగండి.

(వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచి, ఇవన్నీ చదువుకునే పిల్లలకు బాగున్నాయని, అరవై దాటిన తనలాంటివాళ్లు ఇంక ఏం అనుకోవాలని అడిగారు. మనసులో ఏదో ఉండబట్టే అడిగారు కదా, అదేమిటో చెప్పండని అంటే, తన అత్తగారి దగ్గర నేర్చుకున్న పెళ్లిపాటలు, పురుటిపాటలు చాలా వచ్చని, కోడళ్లకు రావని, అవి ఎక్కడైనా రాసిపెడితే బాగుండునని, కానీ తనకు రాత సరిగా రాదని అన్నారు.)

అమ్మా, కూర్చోండి. గిడుగు వారు 1911లో మాస్టారు ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. "తెలుగు" అని పత్రిక పెట్టింది 1919లో. సవర నిఘంటువు అచ్చయి చేతికొచ్చేసరికి ఆయనకు 75 నడుస్తోంది. మీకు ఇంకా చాలా టైముంది.

మీకు రాత రాకపోతే ఏం, పాట వచ్చు. పాడటం మీ వంతు, రాయడం ఇంకొకరి వంతు. మీ మనవరాలు ఏ తరగతి? ఎనిమిదా? తెలుగు అక్షరాలు వచ్చా? రావు. అయితే మరీ మంచిది, ఇద్దరికీ ఒకే పని అవుతుంది. మొదటి రెండు నెలలు ఫోన్లో రికార్డు చేయమనండి, వారానికి ఒక్క పాట. ఈలోగా అక్షరాలు నేర్చుకుంటుంది. ఉగాది తర్వాత ఆ రికార్డు పెట్టుకుని తనే రాస్తుంది. తప్పులు పోతే పోనివ్వండి, నాకు తెస్తే దిద్దుతాను. ఫోన్ పాడైతే పాటలు పోతాయి, కాబట్టి ప్రతి పాటా మీ అబ్బాయి ఫోన్లోకి కూడా పంపించమనండి. పాట ముందు ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ వేళ పాడేవాళ్లో కూడా చెప్పండి. పాట ఎంత ముఖ్యమో అదీ అంతే ముఖ్యం.

లక్ష్మివారం పెట్టుకుందామా? ఆ రోజు మీకు ఎలాగూ తెల్లవారుజామునే లేవడం అలవాటు. పిల్లకు బడి ఉంటుంది కనుక సాయంత్రమే కుదురుతుంది. ట్యూషన్ నుంచి ఎన్ని గంటలకు వస్తుందో చెప్పండమ్మా, ఇప్పుడే కాగితం మీద రాసేద్దాం.